గర్భిణికి ఫ్లూ టీకా: వేయించుకోవాలా, అయితే ఎప్పుడు?

కడుపుతో ఉన్న మనిషి తలనొప్పి మాత్ర వేసుకోవడానికే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది. ఒంట్లో ఏ నలతా లేని రోజున సూది వేయించుకోమంటే వెనకాడడంలో వింతేమీ లేదు. ఫ్లూ వస్తే నాలుగు రోజులు పడుకుంటే పోతుంది, టీకా వల్ల బిడ్డకు ఏమైనా అయితే ఎలా అన్న లెక్క చాలామంది మనసులో నడుస్తుంటుంది. ఆ లెక్కలో ఒక పళ్లెంలో టీకా తెచ్చిపెట్టగల ఇబ్బందులన్నీ పేర్చి, రెండో పళ్లేన్ని ఖాళీగా వదిలేస్తారు. టీకా వద్దనుకున్నంత మాత్రాన ముప్పు సున్నా అయిపోదు. ఫ్లూ ముప్పు ఉన్నచోటే ఉంటుంది. తూచాల్సింది ఈ రెండు ముప్పులనూ.

అలా తూస్తే వేయించుకోవాలా వద్దా అన్నది చాలామంది విషయంలో త్వరగానే తేలిపోతుంది. ఫ్లూ టీకాలు మొదలుపెట్టే, విస్తరించే దేశాలు అందరికన్నా ముందు గర్భిణులకే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది. అసలు తికమకంతా ఎప్పుడు అన్న దగ్గర వస్తుంది. ఒకే సూది ఇద్దరి కోసం వేస్తారు. ఆ ఇద్దరికీ అనువైన సమయం ఒకటి కాదు.

ఊపిరితిత్తుల్లో వచ్చే మార్పు

జలుబునూ ఫ్లూనూ ఒకే గాటన కట్టేయడం అలవాటైపోయింది. ఇన్‌ఫ్లుయెంజా ఎ, బి రకాల వైరస్‌ల వల్ల వచ్చేది మాత్రమే ఫ్లూ. వైరస్ సోకిన 1 నుంచి 4 రోజుల్లో ఉన్నట్టుండి జ్వరం, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు మొదలవుతాయి. ఆరోగ్యంగా ఉన్న యువతికి ఇది వారం రోజుల బాధ. అదే యువతి ఏడో నెల గర్భిణి అయితే పరిస్థితి వేరు.

గర్భిణుల్లో రోగనిరోధక శక్తి తగ్గిపోతుందని తేలిగ్గా చెప్పేస్తుంటారు. అది సగమే నిజం. సగం తన జన్యువులు, సగం పరాయి జన్యువులు ఉన్న బిడ్డను తిరస్కరించకుండా ఉండేందుకు ఆ వ్యవస్థ తన పద్ధతి మార్చుకుంటుంది. కొన్ని రకాల వైరస్‌లను ఎదుర్కోవడంలో ఆ మేరకు వెనకబడుతుంది. ఇంతకన్నా సూటిగా కనిపించే కారణం ఊపిరితిత్తుల్లో ఉంది. గర్భసంచి పెరిగేకొద్దీ ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రం కండరం దాదాపు 4 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. ఊపిరి వదిలాక కూడా లోపల మిగిలి ఉండే గాలి సుమారు 20 శాతం తగ్గుతుంది. ఒంటికి కావలసిన ఆక్సిజన్ మాత్రం సుమారు 20 శాతం పెరుగుతుంది. అంటే నిల్వ తగ్గింది, ఖర్చు పెరిగింది. గుండె కూడా మామూలుకన్నా 30 నుంచి 50 శాతం ఎక్కువ రక్తాన్ని పంపుతూ ఇప్పటికే పూర్తి పనిలో ఉంటుంది. ఇలాంటి సమయంలో న్యుమోనియా వస్తే తట్టుకునే వెసులుబాటు చాలా తక్కువ. పొద్దున ఫర్వాలేదనుకున్న మనిషికి సాయంత్రానికి ఆక్సిజన్ పెట్టాల్సి రావచ్చు.

చరిత్రలోని మహమ్మారులు దీన్ని నిర్దయగా చూపించాయి. 1918 ఫ్లూ బారినపడిన 1,350 మంది గర్భిణుల వివరాలు 1919లో అమెరికాలో ప్రచురితమయ్యాయి. వారిలో దాదాపు సగం మందికి న్యుమోనియా వచ్చింది, మొత్తం మీద 27 శాతం మంది చనిపోయారు. 1957 ఫ్లూలో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో చనిపోయిన, బిడ్డలను కనే వయసు స్త్రీలలో దాదాపు సగం మంది గర్భిణులే. 2009లో హెచ్1ఎన్1 వచ్చినప్పుడు అమెరికా జనాభాలో గర్భిణులు సుమారు 1 శాతం, ఆ ఫ్లూ మరణాల్లో మాత్రం వారి వాటా సుమారు 5 శాతం.

ఇవి మహమ్మారి ఏళ్ల లెక్కలు. మామూలు ఏడాదికి వీటిని అంటగట్టి భయపెట్టడం సరికాదు. మామూలు సీజన్లో ఆరోగ్యవంతురాలైన గర్భిణి ఫ్లూతో చనిపోవడం అరుదు. పెరిగేది ఆస్పత్రిలో చేరాల్సి వచ్చే అవకాశం. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో అనేక ఫ్లూ సీజన్లను పరిశీలించి 1998లో ప్రచురించిన అధ్యయనంలో, 37 వారాలు దాటిన గర్భిణులు గుండె, ఊపిరితిత్తుల సమస్యలతో ఆస్పత్రి పాలయ్యే అవకాశం ప్రసవమైన స్త్రీలతో పోలిస్తే నాలుగు రెట్లకు పైగా కనిపించింది. నెలలు పెరిగేకొద్దీ ఈ ముప్పూ పెరుగుతుంది. కాన్పయిన రోజునే ఆగిపోదు, మరో రెండు వారాల వరకు దాని ఛాయ ఉంటుంది. ఉబ్బసం, గుండె జబ్బు, మధుమేహం ముందే ఉన్నవారికి ఇంకా ఎక్కువ.

సగం రక్షణకు విలువెంత?

ఫ్లూ టీకా వేయించుకుంటే ఫ్లూ రాదు అని ఎవరైనా అంటే నమ్మాల్సిన పనిలేదు. దక్షిణాఫ్రికాలో 2,000 మందికి పైగా గర్భిణులపై జరిగి 2014లో ఫలితాలు వెలువడిన ప్రయోగంలో, ఉత్తుత్తి సూది వేసినవారిలో 3.6 శాతం మందికి ల్యాబ్ పరీక్షలో ఫ్లూ తేలింది. అసలు టీకా వేసినవారిలో 1.8 శాతం మందికి తేలింది. ముప్పు సగానికి తగ్గింది. ఇంకోలా చెబితే ఒక తల్లికి ఫ్లూ తప్పించాలంటే సుమారు 55 మందికి టీకా వేయాలి.

55 పెద్ద అంకెలాగే ఉంది. కానీ అదే ప్రయోగంలో పసిబిడ్డల్లోనూ ఫ్లూ దాదాపు సగానికి తగ్గింది. అక్కడ ఒక బిడ్డకు ఫ్లూ తప్పడానికి కావలసిన టీకాలు 56. తల్లులకు వేసిన ఆ సూదులే ఈ లెక్కలోకీ వస్తాయి కాబట్టి, ఒక్క ఖర్చుతో రెండు లాభాలు. పైగా ఈ అంకెలు కేవలం ఫ్లూ రావడం, రాకపోవడం గురించినవి. ఆస్పత్రి దాకా వెళ్లే ఫ్లూ సంగతి చూస్తే ఆస్ట్రేలియా, కెనడా, ఇజ్రాయెల్, అమెరికాల్లో 2010 నుంచి 2016 వరకు సేకరించిన వివరాల ప్రకారం, టీకా వల్ల గర్భిణులు ఫ్లూతో ఆస్పత్రిలో చేరడం సుమారు 40 శాతం తగ్గింది.

రక్షణ సగం దగ్గరే ఆగిపోవడానికి కారణం టీకా తయారీ విధానంలోనే ఉంది. ఉత్తరార్ధగోళానికి ఏ రకాల వైరస్‌లు పెట్టాలో ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయిస్తుంది. తయారై చేతికి వచ్చేసరికి ఆరు నెలలు గడుస్తాయి. ఈలోగా వైరస్ కొంత రూపు మార్చుకుంటుంది. అంచనా కుదిరిన ఏడాది 40 నుంచి 60 శాతం రక్షణ, కుదరని ఏడాది అంతకన్నా తక్కువ. టీకా వేయించుకున్నా జలుబు చేసిందన్న ఫిర్యాదు దీనికి సంబంధించింది కాదు. జలుబు తెచ్చే వైరస్‌లు వందకు పైనే ఉన్నాయి, ఈ టీకా వాటి జోలికి పోదు.

మూడు రకాలున్న టీకా మంచిదా, నాలుగు రకాలదా అని వెతుక్కోవడం కూడా ఇప్పుడు అనవసరం. బి రకంలో యమగాటా అనే శాఖ 2020 మార్చి తర్వాత నికరంగా ఎక్కడా కనిపించలేదు. అందుకే దాన్ని తీసేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఏది దొరికితే అదే చాలు.

బిడ్డకు దక్కేది

ఆరు నెలలు నిండని పిల్లలకు వేసే ఫ్లూ టీకా లేదు. ఫ్లూతో ఆస్పత్రిలో చేరే చిన్నపిల్లల్లో ఎక్కువ ముప్పున్నది సరిగ్గా ఆ వయసువారికే. ఆ ఖాళీని పూడ్చగలిగేది తల్లి ఒంట్లో తయారైన యాంటీబాడీలు మాత్రమే. అవి మాయ గుండా బిడ్డ రక్తంలోకి చేరతాయి. సుమారు 13వ వారంలో ఈ బదిలీ సన్నగా మొదలై చివరి మూడు నెలల్లో జోరందుకుంటుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ రక్తంలో వీటి స్థాయి తల్లి రక్తంలో కన్నా ఎక్కువగా ఉండటం మామూలే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఆ మేరకు తక్కువ అందుతాయి.

ఈ రక్షణ గురించి ఎక్కువగా వినిపించే అంకె 63 శాతం. 2008లో వెలువడిన బంగ్లాదేశ్ ప్రయోగం నుంచి వచ్చిందది. అందులో ఉన్నది 340 మంది తల్లులు. ఫ్లూ వచ్చిన బిడ్డలు ఒక వైపు 6, మరో వైపు 16. దారి చూపిన ప్రయోగమే గానీ, ఇంత చిన్న సంఖ్యల మీద 63ను శిలాశాసనంగా చెక్కకూడదు. ఆ తర్వాత నేపాల్, మాలి, దక్షిణాఫ్రికాల్లో వేలమంది తల్లులతో జరిగిన మూడు ప్రయోగాలను కలిపి లెక్కిస్తే, బిడ్డకు ఆరు నెలల వరకు సగటు రక్షణ 35 శాతం దగ్గర తేలింది. ఆ సగటు లోపల ఏముందో చూడటం ఇంకా ముఖ్యం. మొదటి రెండు నెలల్లో 56 శాతం, తర్వాతి రెండు నెలల్లో 39, చివరి రెండు నెలల్లో 19. తల్లి ఇచ్చిన యాంటీబాడీలు కరిగిపోతూ ఉంటాయి, బిడ్డ సొంతంగా కొత్తవి తయారు చేయదు. పసికందు ఎంత చిన్నదైతే ఫ్లూ అంత ప్రమాదకరం కాబట్టి, రక్షణ ఎక్కువగా ఉన్న రోజులు సరైన చోటే పడ్డాయి.

టీకా వల్ల బిడ్డ బరువు పెరుగుతుందన్న మాట కూడా వినిపిస్తుంది. నేపాల్‌లో సగటున 42 గ్రాములు ఎక్కువ కనిపించింది. మూడు దేశాలూ కలిపి చూసినప్పుడు ఆ తేడా నిలబడలేదు. దాన్ని లాభాల పట్టికలో చేర్చకపోవడమే నిజాయితీ.

ఎప్పుడు వేయించుకోవాలి

ఇక్కడ పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం పనికిరాదు. టీకా వేశాక యాంటీబాడీలు సరిపడా తయారవడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. తల్లి కోసమైతే ఫ్లూ విజృంభించడానికి రెండు వారాల ముందే పని పూర్తి కావాలి, అది ఏ నెల గర్భమైనా సరే. బిడ్డ కోసమైతే మాయ గుండా బదిలీ జోరుగా సాగే కాలంలో తల్లి రక్తంలో యాంటీబాడీలు నిండుగా ఉండాలి, కాన్పుకు రెండు వారాలైనా వ్యవధి ఉండాలి. ఈ రెండు అవసరాలూ కొన్నిసార్లు ఒకేచోట కలుస్తాయి, కొన్నిసార్లు కలవవు.

గర్భం ఏడో వారం, చుట్టుపక్కల ఫ్లూ అప్పుడే మొదలవుతోంది అనుకుందాం. బిడ్డకు ఎక్కువ యాంటీబాడీలు అందుతాయని ఏడో నెల దాకా ఆగితే తల్లి ఆ సీజనంతా ఏ అండా లేకుండా గడపాలి. తల్లి ఆరోగ్యమే బిడ్డకు మొదటి రక్ష కాబట్టి ఇక్కడ ఆగకూడదు. అదే ఏడో వారంలో, సీజన్ రావడానికి ఇంకా నాలుగైదు నెలలు ఉంటే కథ మారుతుంది. ఇప్పుడే వేయించుకుంటే సీజన్ మధ్యకు వచ్చేసరికి తల్లి యాంటీబాడీలు తగ్గడం మొదలవుతుంది. సీజన్‌కు కొన్ని వారాల ముందు, అంటే ఐదో నెలలోనో ఆరో నెలలోనో వేయించుకుంటే ఇద్దరికీ కలిసొస్తుంది.

ఎనిమిదో నెల గర్భిణి, సీజన్‌కు ఇంకా రెండు మూడు నెలలు. పొరపాటు ఎక్కువగా జరిగేది ఈ సందర్భంలోనే. ఫ్లూ ఇప్పుడు లేదు కదా, కాన్పయ్యాక వేయించుకుందాం అనుకుంటారు. కాన్పయ్యాక మాయ ఉండదు, బిడ్డ రక్తంలోకి యాంటీబాడీలు వెళ్లే దారి మూసుకుపోతుంది. బిడ్డ మాత్రం సరిగ్గా రెండు మూడు నెలల వయసులో సీజన్ నడిమధ్యకు చేరుతుంది. మామూలు పెద్దవారికి అంత ముందుగా వేయించుకోవద్దని చెప్పే ఆరోగ్య సంస్థలు కూడా, ఆ ఏడాది టీకా అందుబాటులోకి వచ్చి ఉంటే చివరి మూడు నెలల్లో ఉన్నవారు ఆగనక్కర్లేదని మినహాయింపు ఇచ్చేది ఇందుకే.

ఇంకో వల, కొత్త టీకా వస్తుందట, పాతది ఎందుకు అన్న ఆలోచన. కొత్తది రెండు నెలల్లో వస్తుంది, ఫ్లూ ఇప్పుడే తిరుగుతోంది అంటే గడువు తీరని పాత టీకా వేయించుకోవడమే తెలివి. రకాలు పూర్తిగా కలవకపోయినా కొంత రక్షణ ఉంటుంది. కొత్తది వచ్చాక, మరో సీజన్ మొదలయ్యేనాటికి ఇంకా గర్భంతోనే ఉంటే దాన్ని కూడా వేయించుకోవచ్చు. ఒక గర్భం రెండు సీజన్ల మీదుగా సాగితే రెండు టీకాలు పడటం తప్పేమీ కాదు. ఒకే సీజన్లో గర్భం రాకముందే వేయించుకుని ఉంటే మాత్రం మామూలుగా మళ్లీ అక్కర్లేదు. పోయిన గర్భంలో వేయించుకున్నాం కదా అన్నది లెక్కలోకి రాదు.

చలికాలం, వేసవి అని ఫ్లూ గీత గీసుకుని రాని ఉష్ణమండల ప్రాంతాల్లో ఏడాదికి రెండుసార్లు ఎగసిపడటమో, ఏడాది పొడవునా కొద్దికొద్దిగా ఉండటమో జరుగుతుంది. అక్కడ సీజన్ కోసం ఎదురుచూడటంలో అర్థం లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లిన రోజే మంచిరోజు.

మొదటి మూడు నెలల భయం

కాకి వాలడం, తాటిపండు పడటం ఒకేసారి జరిగితే కాకి వల్లే పండు పడిందనుకోవడాన్ని కాకతాళీయం అంటారు. గర్భస్రావం విషయంలో ఈ చిక్కు గట్టిగా ఉంది. తెలిసిన గర్భాల్లో 10 నుంచి 20 శాతం వాటంతట అవే పోతాయి. అందులో అత్యధికం మొదటి మూడు నెలల్లోనే. ఆ రోజుల్లో ఎంతమందికి ఏ సూది వేసినా, కొందరికి ఆ వారంలోనే గర్భం పోవడం ఖాయం. అమెరికా మార్గదర్శకాలు 1997లో 14 వారాలు దాటాకే వేయమన్నాయి. గర్భస్రావాలు ఎక్కువగా జరిగే నెలల్లో అనవసరమైనదేదీ ఇవ్వకూడదన్న పాత జాగ్రత్త అందులో ఉంది. 2004లో ఏ నెలలోనైనా వేయొచ్చని మార్చారు.

2017లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం మాత్రం కలవరం రేపింది. 2010-11, 2011-12 సీజన్లలో గర్భస్రావమైన 485 మందిని, కాని 485 మందిని పోల్చారు. టీకా వేసిన 28 రోజుల్లో గర్భస్రావం కొంత ఎక్కువగా కనిపించింది. ఆ తేడా అంతా, అంతకుముందు ఏడాది కూడా హెచ్1ఎన్1 ఉన్న టీకా వేయించుకున్నవారిలోనే ఉంది. వారి సంఖ్య చాలా తక్కువ కాబట్టి అంచనా గట్టిది కాదు. దాన్ని తోసిపుచ్చకుండా అదే బృందం 2012 నుంచి 2015 వరకు మూడు సీజన్లను మరింత ఎక్కువమందితో, సరిగ్గా ఆ ప్రశ్ననే పెట్టుకుని మళ్లీ పరిశీలించింది. 2019లో వచ్చిన ఆ ఫలితాల్లో సంబంధం కనిపించలేదు, ముందు ఏడాది టీకా వేయించుకున్నవారిలో కూడా. మొదటి అధ్యయనాన్ని మాత్రమే చెప్పి రెండోదాన్ని దాచేవారు, మొదటిది అసలు లేనట్టు మాట్లాడేవారు ఇద్దరూ చదివేవారికి అన్యాయమే చేస్తున్నారు.

తూకంలో రెండో పళ్లేన్ని కూడా చూడాలి. నార్వేలో 2009 మహమ్మారి కాలంలోని లక్షకు పైగా గర్భాలను పరిశీలిస్తే, ఫ్లూ వచ్చినట్టు డాక్టర్లు నమోదు చేసిన తల్లుల్లో కడుపులోనే బిడ్డ చనిపోయే ముప్పు దాదాపు రెట్టింపు ఉంది. టీకా వేయించుకున్నవారిలో ఆ ముప్పు పెరగలేదు. పైగా మొదటి నెలల్లో తల్లికి వచ్చే తీవ్ర జ్వరానికీ బిడ్డ వెన్నుపాము లోపాలకూ సంబంధం ఉంది. ఫలదీకరణ జరిగిన నాలుగు వారాల్లోనే వెన్నుపాముగా మారే నాళం మూసుకోవాలి మరి.

మిగిలిన భయాల్లో కొన్నింటిని క్లుప్తంగా ముగించవచ్చు. ఆటిజంతో సంబంధం ఉందేమోనని స్వీడన్‌లో వేలమంది పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తే కనిపించలేదు. టీకాతో ఫ్లూ వస్తుందన్నది సూది రూపంలోని టీకాకు వర్తించదు, అందులో బతికున్న వైరస్ ఉండదు. పాదరసం సంగతికొస్తే, పలు డోసులు తీసే సీసాలో క్రిములు చేరకుండా పాదరసం ఉండే థయోమెర్సాల్ కలుపుతారు, ఒక డోసులో సుమారు 25 మైక్రోగ్రాముల పాదరసం పడుతుంది. ఇది ఇథైల్ రూపం, వారంలోపే రక్తంలో సగానికి తగ్గుతుంది. చేపల్లో చేరి వేధించే మిథైల్ రూపానికి అందుకు నెలన్నర పడుతుంది. అయినా మనసొప్పకపోతే ఒక్క డోసు నింపి వచ్చే సిరంజి అడిగితే సరి, అందులో అది ఉండదు.

అన్నింటికన్నా ఎక్కువమందిని ఆపేసేది టీకా పెట్టెలోని కరపత్రం. గర్భిణుల్లో భద్రతపై తగినంత సమాచారం లేదన్న వాక్యం చాలా కంపెనీల కరపత్రాల్లో కనిపిస్తుంది. లైసెన్సు కోసం కంపెనీలు చేసే ప్రయోగాల్లో ఏళ్ల తరబడి గర్భిణులను చేర్చుకోలేదు. తర్వాత ఇతరులు జరిపిన ప్రయోగాలు, లక్షలాది గర్భాల నమోదులు ఆ కాగితం మీదకు ఎక్కవు. ఆ వాక్యాన్ని మా ప్రయోగంలో గర్భిణులు లేరు అని చదువుకోవాలి, ప్రమాదం ఉంది అని కాదు.

ఎవరు ఆగాలి

ముక్కులో చల్లే ఫ్లూ టీకాలో బలహీనపరిచిన సజీవ వైరస్ ఉంటుంది, గర్భిణులకు అది వద్దు. గర్భం సంగతి తెలియకముందు పొరపాటున వేయించుకుని ఉంటే గర్భం తీయించుకోవాల్సిన పనేమీ లేదు, డాక్టర్‌కు చెబితే చాలు. గతంలో ఫ్లూ టీకాకు ఊపిరాడకపోవడం, ముఖం వాచిపోవడం, బీపీ పడిపోవడం లాంటి తీవ్ర అలర్జీ వచ్చినవారు వేయించుకోకూడదు. గుడ్డు పడనివారికి ఇప్పుడు అడ్డంకి లేదు. ఫ్లూ టీకా వేసిన ఆరు వారాల్లో గతంలో గిలియన్ బారే సిండ్రోమ్ వచ్చినవారు డాక్టర్‌తో విడిగా మాట్లాడుకోవాలి. నరాలు చచ్చుబడే ఈ జబ్బు 1976 నాటి స్వైన్ ఫ్లూ టీకాతో లక్షకు సుమారు ఒకరికి అదనంగా వచ్చింది. నేటి టీకాలతో అది ఉన్నా పది లక్షలకు ఒకటి రెండు కేసులు. అసలు ఫ్లూ వల్ల వచ్చే అవకాశం అంతకన్నా ఎక్కువ.

జ్వరంతో గట్టిగా నలతగా ఉంటే తగ్గేదాకా ఆగాలి. ముక్కు కారుతుంటే ఆగనక్కర్లేదు. రక్తం పలుచబడేందుకు హెపారిన్ తీసుకుంటున్నవారు ముందే చెప్పాలి. 23 గేజ్ లేదా అంతకన్నా సన్నని సూదితో వేసి, రుద్దకుండా కనీసం రెండు నిమిషాలు అదిమిపట్టాలి. ఆర్‌హెచ్ నెగెటివ్ తల్లులకు ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్‌తో ఈ టీకాకు పేచీ లేదు.

సూది వేసే రోజు

పెద్దవారి డోసు 0.5 మిల్లీలీటర్లు. మామూలు టీకాలో ఒక్కో రకం వైరస్‌కు 15 మైక్రోగ్రాముల చొప్పున పదార్థం ఉంటుంది. పేరు, గడువు తేదీ, ఏ సీజన్‌దో పెట్టె మీద చూసుకోవాలి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిల్వ ఉంచాలి. వేడి తగిలితేనే పాడవుతుందనుకుంటారు గానీ, గడ్డకట్టినా పాడవుతుంది. ఒకసారి గడ్డకట్టినది మామూలుగా కరిగి కనిపించినా పారేయాల్సిందే.

భుజం ఎముక చివర నుంచి రెండు మూడు వేళ్లు కిందకు, కండ దళసరిగా ఉన్నచోట నిలువుగా గుచ్చాలి. ఇంకా పైన వేస్తే మందు కీలు సంచిలోకి పోయి వారాల తరబడి చెయ్యి ఎత్తలేని నొప్పి రావచ్చు. కూర్చుని వేయించుకోవాలి, భుజం పూర్తిగా బయటికి కనపడే దుస్తులు వేసుకోవాలి. మెడ దగ్గర చొక్కా కిందికి లాగి వేసినప్పుడే సూది పైకి పోయేది. తర్వాత పావుగంట కూర్చోవాలి. గర్భిణులకు కళ్లు తిరగడం ఎలాగూ ఎక్కువే. కోరింత దగ్గు టీకా 27 నుంచి 36 వారాల మధ్య ఇస్తారు కాబట్టి రెండూ ఒకే రోజు పడవచ్చు. ఒక్కో చేతికి ఒకటి, లేదంటే ఒకే చేతిలో కనీసం 2.5 సెంటీమీటర్ల ఎడంతో వేయాలి.

ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, కొందరికి కాస్త జ్వరం, నీరసం ఉంటాయి. జ్వరం వస్తే పారాసెటమాల్‌తో దింపాలి, ముఖ్యంగా మొదటి నెలల్లో. ఇబుప్రొఫెన్ లాంటివి 20 వారాలు దాటాక డాక్టర్ చెప్పకుండా వేసుకోకూడదు. రెండు రోజులు దాటినా జ్వరం తగ్గలేదంటే టీకాను తిట్టుకుంటూ కూర్చోకుండా వేరే కారణం వెతకాలి.

టీకా ఉన్నా ఫ్లూ వస్తే

వేయించుకున్నాను కాబట్టి ఇది ఫ్లూ కాదు అనుకోవడం వల్ల విలువైన రోజులు పోతాయి. గర్భిణికి ఫ్లూ అనుమానం వస్తే ఓసెల్టమివిర్ అనే ఫ్లూ మందు 75 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు ఇస్తారు. మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకూడదు. నిమిషాల్లో తేల్చే ర్యాపిడ్ పరీక్షలు అసలైన ఫ్లూ కేసులను చాలావాటిని పట్టుకోలేవు. ఆయాసం, ఛాతీలో నొప్పి, అయోమయం, బిడ్డ కదలికలు తగ్గడం, మందుకు లొంగని జ్వరం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. వేలికి పెట్టే ఆక్సిమీటర్ చూస్తుంటే గర్భిణి విషయంలో 95కు తగ్గకూడదన్నది గుర్తు.

గర్భంలో ఉండగా కుదరకపోతే కాన్పయ్యాక ఇంటికి వెళ్లేముందే వేయించుకోవచ్చు, పాలిచ్చే తల్లికి అభ్యంతరం లేదు. బిడ్డ రక్తంలోకి యాంటీబాడీలు వెళ్లకపోయినా, తల్లి నుంచి బిడ్డకు ఫ్లూ అంటుకునే అవకాశం తగ్గుతుంది. చనుబాలలోనూ కొన్ని యాంటీబాడీలు వస్తాయి. బిడ్డను ఎత్తుకుని తిరిగే ఇంట్లోవాళ్లందరికీ ఇదే వర్తిస్తుంది. బిడ్డకు ఆరో నెల నిండిన రోజు నుంచి తన టీకా తనకు ఉంటుంది. మొదటిసారి కాబట్టి రెండు డోసులు, మధ్యలో కనీసం నాలుగు వారాలు.